చెవి మిషను: ఏ చెవికి ఏది, ఎలా అమర్చుకోవాలి, ఎలా కాపాడుకోవాలి

"మాట వినపడుతోంది గానీ ఏమన్నారో తెలియట్లేదు." వయసుతో వినికిడి తగ్గేవారు మొదట చెప్పే మాట ఇదే. ఇంట్లోవాళ్లు పరధ్యానం అనుకుంటారు, కావాలని వినిపించుకోవట్లేదనీ అనుకుంటారు. కానీ చెవిలో ఏం జరుగుతోందో ఆ మాటే కచ్చితంగా చెబుతోంది. పాలు, కాలు, చాలు అనే మాటల్లో తేడా మొదటి హల్లు ఒక్కటే. ధ్వని ఎంత సన్నగా ఉందో, అంటే దాని స్థాయిని, హెర్ట్జ్‌లలో కొలుస్తారు; అంకె పెరిగే కొద్దీ ధ్వని సన్నబడుతుంది. అచ్చుల బలం ఎక్కువగా 1000 హెర్ట్జ్‌కు దిగువన ఉంటుంది. క, చ, త, స, ష వంటి హల్లులను గుర్తుపట్టించే సన్నని ధ్వని చాలావరకు 2000 హెర్ట్జ్‌కు పైన ఉంటుంది, పైగా బలహీనంగా ఉంటుంది. వయసు చెవుడు ఆ పై కొస నుంచే మొదలవుతుంది. అందుకే 'ఆలు' వినపడి, దాని ముందున్న హల్లు జారిపోతుంది. అరిచి చెబితే ఆ 'ఆలు' ఇంకా గట్టిగా వినపడుతుంది, అంతే.

మంచి మిషను పోయిన స్థాయిలోనే, పోయినంత మేరకే ధ్వనిని పెంచాలి. కొనేటప్పుడు చాలామంది ముందు అడిగేది "బయటికి కనపడుతుందా?" అని. ముందు అడగాల్సింది మాత్రం వినికిడి పరీక్ష ఫలితాన్ని గీతగా చూపే కాగితం, అంటే ఆడియోగ్రామ్, ఏం చెబుతోందని.

కొనకముందు

మొదట ఈఎన్‌టీ డాక్టరుకు చూపించాలి. గులిమి గడ్డకట్టినా, కర్ణభేరికి చిల్లు పడినా, మధ్యచెవిలో నీరు చేరినా వినికిడి తగ్గుతుంది. వీటికి వైద్యం ఉంది, మిషను అక్కర్లేకపోవచ్చు. ఒక్క చెవే తగ్గినా, చీము కారుతున్నా, తల తిరుగుతున్నా డాక్టరు చూడకుండా మిషను పెట్టకూడదు. రాత్రి బాగానే ఉండి పొద్దున లేచేసరికి ఒక చెవి మూగబోతే ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి. స్టెరాయిడ్ వైద్యం ఎంత త్వరగా మొదలైతే అంత మేలు. రెండు వారాలు దాటితే వినికిడి తిరిగొచ్చే అవకాశం బాగా తగ్గిపోతుంది.

ఆ తరువాత వినికిడిని పరీక్షించే నిపుణుడు, అంటే ఆడియాలజిస్టు దగ్గర పరీక్ష. ఆయనకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడగడంలో తప్పు లేదు. పరీక్ష శబ్దం చొరబడని గదిలో జరగాలి. దుకాణం ముందు గదిలో, వీధి హోరు మధ్య చేసిన పరీక్ష లెక్కలోకి రాదు. 250 నుంచి 8000 హెర్ట్జ్ దాకా ఒక్కో స్థాయిలో కనీసం ఎంత బలంగా వినిపిస్తే తెలుస్తోందో హెడ్‌ఫోన్‌తో చూస్తారు. ఆ తరువాత చెవి వెనక ఎముక మీద చిన్న కంపన పరికరం పెట్టి మళ్లీ చూస్తారు. ఎముక ద్వారా బాగా వినపడి గాలి ద్వారా వినపడకపోతే లోపం బయటిచెవిలోనో మధ్యచెవిలోనో ఉన్నట్టు. రెండూ ఒకేలా తగ్గితే లోపలి చెవిది లేదా నరానిది.

ఆడియోగ్రామ్ కాగితం మీద ఎర్ర సున్నాలు కుడి చెవి, నీలం ఇంటూ గుర్తులు ఎడమ చెవి. గీత ఎంత కిందికి దిగితే చెవుడు అంత ఎక్కువ. 500, 1000, 2000, 4000 హెర్ట్జ్ దగ్గరి అంకెల సగటు తీస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 20 నుంచి 35 డెసిబెల్స్ (ధ్వని బలాన్ని కొలిచే ప్రమాణం) లోపు స్వల్పం, 50 లోపు మధ్యస్థం, 65 లోపు అంతకంటే ఒక మెట్టు ఎక్కువ, 80 లోపు తీవ్రం, ఆ పైన అతి తీవ్రం.

సగటు ఒక్కటే చూస్తే మోసపోతాం. ఒకరికి అన్ని స్థాయిల్లోనూ 45 ఉండవచ్చు. ఇంకొకరికి వరసగా 15, 25, 65, 75 ఉండవచ్చు. ఇద్దరి సగటూ 45 డెసిబెల్సే, కావలసిన మిషన్లు మాత్రం పూర్తిగా వేరు. అందుకే కాగితం అడిగి తెచ్చుకుని దగ్గర పెట్టుకోవాలి. మాటలు పలికించి తిరిగి చెప్పించే పరీక్ష కూడా చేయించాలి. బాగా గట్టిగా వినిపించినా పది మాటల్లో నాలుగే సరిగ్గా చెప్పగలిగితే, ఎంత ఖరీదైన మిషనైనా ఆ నాలుగును పది చేయలేదు. కొనకముందే ఇంట్లో అందరూ ఈ సంగతి తెలుసుకుంటే తరువాతి నిరాశ సగం తగ్గుతుంది.

రకాలు, అవి వచ్చిన దారి

17వ శతాబ్దం నుంచి యూరప్‌లో కొమ్ము ఆకారపు బాకాలు వాడారు. ధ్వనిని పోగుచేసి చెవిలోకి పంపడం తప్ప అవి దాన్ని పెంచలేవు. 1898 ప్రాంతంలో అమెరికాలో మిల్లర్ రీస్ హచిసన్ టెలిఫోన్‌లో వాడే కార్బన్ మైకుతో విద్యుత్ మిషను చేశాడు. 1920ల్లో పాత రేడియోల్లో ఉండే గాజు వాల్వులు వచ్చాయి. ధ్వని బాగా పెరిగింది గానీ బరువైన బ్యాటరీలు వెంట మోయాల్సి వచ్చేది. 1947లో బెల్ లేబరేటరీస్‌లో వాల్వు పనిని చేసే చిన్న ట్రాన్సిస్టర్ పుట్టాక కథ మారింది. ట్రాన్సిస్టర్ మొదట జనం చేతికి అందిన వస్తువుల్లో వినికిడి మిషను ఒకటి, 1952 చివర్లో అది అమ్మకానికి వచ్చింది. చెవిటివారికి చదువు చెప్పిన అలెగ్జాండర్ గ్రాహంబెల్ గౌరవార్థం బెల్ సంస్థ వినికిడి మిషన్ల తయారీదారుల దగ్గర రాయల్టీ తీసుకోలేదు.

ఆ కాలపు రూపమే ఇప్పటికీ దొరికే జేబు మిషను. చొక్కా జేబులో డబ్బా, చెవిలోకి వైరు, పెన్సిల్ సెల్లు. ధర తక్కువ, మీటలు పెద్దవి, సెల్లు ఏ కిరాణా కొట్లోనైనా దొరుకుతుంది. చేతులు వణికేవారికి, చూపు మందగించినవారికి ఇవాళ్టికీ పనికొస్తుంది. లోపమేమిటంటే మైకు గుండె దగ్గర ఉంటుంది. బట్ట రాసుకున్న చప్పుడంతా చెవిలోకే వస్తుంది, ధ్వని ఏ పక్క నుంచి వచ్చిందో తెలియదు.

చెవి వెనక మిషను 1950ల చివర్లో నిలదొక్కుకుంది. మైకు చెవి దగ్గరికి వచ్చింది. మిషను నుంచి సన్నని ప్లాస్టిక్ ట్యూబు, దాని చివర చెవి కొలతకు పోసిన మోల్డు. తీవ్రమైన, అతి తీవ్రమైన చెవుడుకు ఇదే సరైనది. పిల్లలకూ ఇదే. చెవి పెరిగే కొద్దీ మిషను మార్చనక్కర్లేదు, మోల్డు ఒక్కటి మారిస్తే సరిపోతుంది. పసివాళ్లకు మూణ్ణెల్ల నుంచి ఆరు నెలలకు ఒకసారి మోల్డు మార్చాల్సి వస్తుంది.

చెవిలో ఇమిడే మిషన్లు చెవి అచ్చు తీసి దాని ఆకారంలో చేస్తారు. చెవి గిన్నె నిండా ఉండేది, కాలువలో సగం దిగేది, పూర్తిగా లోపలికి పోయేది అని పరిమాణాలు. కనపడకపోవడం వీటి ఆకర్షణ. కానీ మైకూ స్పీకరూ అంత దగ్గరగా ఉంటే ఈల త్వరగా వస్తుంది, కాబట్టి బలం పెంచడానికి ఒక హద్దు ఉంటుంది. గులిమీ చెమటా నేరుగా తగులుతాయి. అతి చిన్న బ్యాటరీ వారం లోపే అయిపోతుంది. స్వల్పం నుంచి మధ్యస్థం వరకు, చెవి పొడిగా ఉండి, వేళ్లు చక్కగా ఆడేవారికి బాగుంటాయి. చీము కారే చెవికి ఇవి వద్దు. డెబ్భై దాటిన పెద్దవాళ్లకు కనపడదన్న ఒక్క కారణంతో ఇవి అంటగట్టకండి. వాళ్లు తీసి పెట్టుకోలేక నెలలోపే బీరువాలో పడేస్తారు.

ఇప్పుడు ఎక్కువగా అమ్ముడయ్యేవి ఆర్‌ఐసీ (రిసీవర్ ఇన్ కెనాల్, అంటే స్పీకరు చెవి కాలువలో ఉండే) మిషన్లు. 2000ల మొదట్లో వచ్చాయి. మైకూ చిప్పూ చెవి వెనక ఉంటాయి, స్పీకరు మాత్రం సన్నని వైరు చివర చెవి కాలువలో ఉంటుంది. రెండింటికీ మధ్య దూరం పెరగడంతో ఈల తగ్గింది. చివర చిల్లులున్న మెత్తని సిలికాన్ డోమ్ పెడితే చెవి మూసుకుపోదు, బొంగురు ధ్వనులు సహజంగానే లోపలికి వెళతాయి. పైన చెప్పిన 15, 25, 65, 75 రకం చెవికి ఇది చక్కగా సరిపోతుంది. స్పీకరు చెడితే అదొక్కటే మార్చుకోవచ్చు.

లోపలి సరుకు విషయానికొస్తే పెద్ద మలుపు 1996. ఆ ఏడాది పూర్తి డిజిటల్ మిషన్లు మార్కెట్‌కు వచ్చాయి. ధ్వనిని అంకెలుగా మార్చి, స్థాయిలవారీగా విడదీసి, ఒక్కోదాన్ని వేరుగా పెంచడం తేలికైంది. ఈలను గుర్తుపట్టి అణచడం, ఫ్యాను హోరు తగ్గించడం, రెండు మైకులకు ధ్వని చేరే సమయంలోని తేడాను బట్టి ఎదుటి మనిషి మాటకు ప్రాధాన్యమివ్వడం అన్నీ మెరుగయ్యాయి. ధ్వనిని ఎన్ని భాగాలుగా విడదీస్తుందో చెప్పే ఛానళ్ల సంఖ్య చూపించి ధర పెంచుతుంటారు. నాలుగు ఛానళ్ల నుంచి పన్నెండుకు వెళితే తేడా తెలుస్తుంది, అక్కడి నుంచి నలభైకి వెళితే చాలామందికి తెలియదు. ఎక్కువగా ఇంట్లోనే ఉండే పెద్దావిడకు మధ్యరకం మిషను సరిగ్గా అమర్చినది, అమర్చని ఖరీదైన దానికంటే మేలు. ఉపన్యాసాలు, మీటింగులు, హోటళ్లు, ఫోన్లు ఎక్కువగా ఉన్నవారికి పైరకం, బ్లూటూత్ పెట్టిన డబ్బుకు న్యాయం చేస్తాయి.

అమెరికాలో 2022 అక్టోబరు నుంచి 18 ఏళ్లు దాటినవారు పరీక్ష లేకుండానే దుకాణంలో కొనుక్కునే మిషన్లు వచ్చాయి. అక్కడ ఉంటున్న పిల్లలు వాటిని ఇక్కడి అమ్మానాన్నలకు పంపుతుంటారు. అవి స్వల్ప, మధ్యస్థ చెవుడుకే ఉద్దేశించినవి. పంపేముందు ఇక్కడ ఆడియోగ్రామ్ తీయించి ఫోటో తెప్పించుకోండి. పరీక్షను బట్టి అమర్చే ప్రిస్క్రిప్షన్ మిషనైతే దాన్ని సరిచేసే సాఫ్ట్‌వేర్, వారంటీ మీ ఊళ్లో పనిచేస్తాయో లేదో ముందే కనుక్కోండి. ఆన్‌లైన్‌లో వెయ్యి, రెండు వేలకు దొరికే ఆంప్లిఫయర్ల సంగతి వేరు. అవి అన్నిటినీ ఒకేలా పెంచుతాయి, గరిష్ఠ ధ్వనికి సరైన హద్దు లేకపోతే ఉన్న వినికిడిని కూడా పాడుచేస్తాయి.

ఒక చెవి పూర్తిగా పోయి రెండోది బాగుంటే, పోయిన వైపు ధ్వనిని మంచి చెవికి పంపే క్రాస్ మిషన్లున్నాయి. పుట్టుకతో చెవి కాలువ లేనివారికి, చీము ఆగనివారికి ఎముక ద్వారా వినిపించేవి ఉన్నాయి. అతి తీవ్ర చెవుడుతో మిషను వల్ల మాట తెలియని పిల్లలకు ఆపరేషన్‌తో లోపలి చెవిలో అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్. పిల్లల విషయంలో ఆలస్యం పనికిరాదు: నెల లోపు స్క్రీనింగ్, మూడో నెలకల్లా నిర్ధారణ, ఆరో నెలకల్లా మిషను. మాట పుట్టే మెదడు ఆ తొలి ఏళ్లలోనే తయారవుతుంది.

అమర్చే పని

మోల్డు కావాలంటే ముందు చెవి లోపల చూసి, దారం కట్టిన దూదిని లేదా స్పాంజిని కర్ణభేరికి అడ్డంగా పెట్టి, ఆ తరువాతే సిలికాన్ పేస్టు నింపాలి. అడ్డు పెట్టకుండా నింపబోతే వద్దనండి, పేస్టు లోతుకు పోతే ప్రమాదం. సుమారు ఐదు నిమిషాల్లో గట్టిపడుతుంది. మోల్డుకు చిన్న గాలిరంధ్రం పెట్టిస్తే తన గొంతు తనకే కుండలో మాట్లాడినట్టు వినపడే బాధ తగ్గుతుంది. తీవ్రమైన చెవుడుకు ఆ రంధ్రం సన్నగా ఉండాలి లేదా అసలు ఉండకూడదు, లేకపోతే ఈల.

ఎంత పెంచాలన్నదానికి పాత లెక్క ఒకటుంది: పోయినదానిలో దాదాపు సగం. 60 డెసిబెల్స్ పోతే పెంచేది 30 ప్రాంతం. మొత్తం 60 పెంచితే భరించలేరు. నరాల చెవుడులో మెల్లని ధ్వని వినపడదు, గట్టి ధ్వని మాత్రం మామూలువారికి తగిలినంత గట్టిగానే తగులుతుంది. "వినపడట్లేదు, గట్టిగా చెప్పు" అన్నవారే మరుక్షణం "ఎందుకలా అరుస్తావ్" అనడం అందుకే. ఇప్పటి మిషన్లు మెల్లనిదాన్ని ఎక్కువగా, గట్టిదాన్ని తక్కువగా పెంచుతాయి. పెద్దలకు ఎన్‌ఏఎల్, పిల్లలకు డీఎస్‌ఎల్ అనే సూత్రాలతో ఆ లెక్క కంప్యూటరు వేస్తుంది.

కంప్యూటరు వేసింది సగటు చెవికి. మీ చెవి కాలువ పొడవూ వెడల్పూ వేరు. సన్నని గొట్టాన్ని చెవిలో ఉంచి, మిషను పెట్టాక కర్ణభేరి దగ్గర నిజంగా ఎంత ధ్వని చేరుతోందో కొలిచే పరీక్షను రియల్ ఇయర్ మెజర్‌మెంట్ అంటారు. ఇది చేసే కేంద్రం దొరికితే కాస్త దూరమైనా అక్కడికే వెళ్లమని మా సలహా. కొనడానికి వెళ్లేటప్పుడు రోజూ మాట్లాడే మనిషిని వెంట తీసుకెళ్లండి. ఎదురుగా, వెనక మూడు మీటర్ల దూరం నుంచి, ఫ్యాను వేసి, ఇద్దరు ఒకేసారి మాట్లాడి చూడండి. రెండు చెవులూ తగ్గితే రెండింటికీ పెట్టాలి. ధ్వని ఏ దిక్కు నుంచి వస్తోందో తెలిసేది, గోలలో మాట విడిపడేది రెండు చెవుల లెక్కతోనే.

మొదటి వారం నిశ్శబ్దంగా ఉన్న గదిలో, ఒక్కరితో మాట్లాడుతూ రోజుకు రెండు మూడు గంటలు చాలు. రెండో వారం టీవీ, నలుగురున్న ఇల్లు. ఆ తరువాత బజారు, పెళ్లిళ్లు. గిన్నెల చప్పుడు, కాగితం గరగర, తన అడుగుల సవ్వడి మొదట చిరాకు పెడతాయి. ఏళ్ల తరబడి అందని ధ్వనులకు మెదడు అలవాటుపడాలి, దానికి కనీసం మూడు నాలుగు వారాలు పడుతుంది. ఈలోపు ఏ ధ్వని ఎప్పుడు ఇబ్బంది పెట్టిందో రాసుకుని రెండో, నాలుగో వారం మళ్లీ వెళ్లి సరిచేయించుకోవాలి. అప్పుడప్పుడూ పెట్టుకునేవారికి ఎప్పటికీ అలవాటు కాదు.

రోజువారీ పని

ఎర్ర గుర్తు కుడి, నీలం ఎడమ. రెండో చేత్తో చెవిని పైకీ వెనక్కీ లాగితే మోల్డు సులువుగా దిగుతుంది.

జింక్-ఎయిర్ బ్యాటరీల రంగులు ఏ కంపెనీవైనా ఒకటే: 10 పసుపు, 312 గోధుమ, 13 నారింజ, 675 నీలం. స్టిక్కరు తీసిన వెంటనే పెట్టేయకండి. లోపలికి గాలి చేరాలి, ఒకటి నుంచి ఐదు నిమిషాలు ఆగండి. మళ్లీ స్టిక్కరు అంటించినా ఖర్చు ఆగదు. సుమారుగా 10 నంబరు మూడు నుంచి ఏడు రోజులు, 312 వారం, 13 పది పన్నెండు రోజులు, 675 రెండు మూడు వారాలు వస్తుంది. తలుపు మూసుకోకపోతే బ్యాటరీ తలకిందులైందని అర్థం, నొక్కి మూస్తే తలుపు విరుగుతుంది. చార్జింగ్ మిషన్లు రోజంతా నడుస్తాయి, కానీ కరెంటు కోతలున్న ఊరైతే పవర్‌బ్యాంక్ ఉన్న చార్జర్ పెట్టెనే తీసుకోండి. లోపలి బ్యాటరీ నాలుగైదేళ్లకు మార్చాల్సి వస్తుంది.

మన దగ్గర మిషనుకు ప్రధాన శత్రువులు మూడు: చెమట, తలనూనె, గులిమి. విశాఖ, కాకినాడ, నెల్లూరు వంటి తీరపు ఉక్కలో చెమట నేరుగా మైకులోకి దిగుతుంది. రాత్రి పొడి గుడ్డతో తుడిచి, బ్యాటరీ తీసి, తేమ పీల్చే సిలికాజెల్ ఉన్న మూత డబ్బాలో పెట్టండి. బ్యాటరీని కూడా డబ్బాలో పెడితే అది ఎండిపోతుంది. జెల్ రంగు మారితే వేడిచేసి ఆరబెట్టాలి లేదా మార్చాలి. తలకు నూనె రాసుకున్నాక చేతులు కడుక్కుని, నూనె ఇంకాక మిషను పెట్టుకోవాలి. నూనె పొర మైకు రంధ్రాన్ని మూసేస్తుంది. చెవిలో వెచ్చని నూనె పోసే అలవాటు మానేయాలి. స్పిరిట్, శానిటైజర్‌తో తుడవకూడదు. తడిస్తే ఎండలోనూ, హెయిర్ డ్రయ్యర్ కిందా పెట్టకూడదు.

మోల్డును మిషను నుంచి విడదీసి, వారానికోసారి గోరువెచ్చని సబ్బునీళ్లలో కడిగి, ట్యూబులో నీటిబొట్టు లేకుండా ఊదే బల్బుతో ఊది, రాత్రంతా ఆరనివ్వాలి. ట్యూబు పసుపెక్కి గట్టిపడితే మార్పించాలి, సాధారణంగా మూడు నుంచి ఆరు నెలలకోసారి. ఆర్‌ఐసీ, చెవిలోపలి మిషన్లకు కొసన గులిమి వడపోత ఉంటుంది. కూడా ఇచ్చే పుల్లకు ఒక కొస ఖాళీ, ఇంకో కొసన కొత్త వడపోత. ఖాళీ కొసతో పాతది లాగి, పుల్ల తిప్పి కొత్తది నొక్కాలి.

పాడైందనుకునే ముందు

అసలు పలకకపోతే: బ్యాటరీ మార్చండి, వడపోత మార్చండి, ట్యూబులో నీరుందా చూడండి. 'పోయింది' అనుకున్న చాలా మిషన్లు ఇక్కడే బతుకుతాయి. మెల్లగా వినపడుతుంటే వడపోత, మైకు రంధ్రం, ఆ తరువాత చెవిలోని గులిమి. గరగరలాడితే తేమ, లేదా బ్యాటరీ పలకల మీద తుప్పు.

ఈల వేస్తుంటే బయటికి వచ్చిన ధ్వని మళ్లీ మైకులో పడుతోందన్నమాట. మోల్డు తీసి స్పీకరు రంధ్రాన్ని వేలితో మూయండి. ఈల ఆగితే మిషను బాగుంది, తప్పు మోల్డు వదులవడంలోనో, డోమ్ చిన్నదవడంలోనో, చెవిలో గులిమి నిండడంలోనో ఉంది. ఆగకపోతే లోపల లోపం, సర్వీసుకు ఇవ్వాలి. ఈల పోవడానికి వాల్యూం తగ్గించుకుని కాలం గడపడం సరికాదు, అలా చేస్తే కావలసిన ధ్వనే పోతుంది.

పిల్లలకు రోజూ పొద్దున ఆరు ధ్వనులు వినిపించి చూడాలి: ఆ, ఈ, ఊ, మ్, ష్, స్. నోరు కనపడకుండా ఒక్కోటీ అనండి, పిల్లలు తిరిగి అనాలి లేదా చెయ్యెత్తాలి. నిన్న పలికిన 'స్' ఇవాళ రాకపోతే ఎక్కడో ఏదో తేడా వచ్చినట్టే. పిల్లలున్న ఇంట్లో తాళం పడే బ్యాటరీ తలుపు అడగండి. బ్యాటరీ మింగినట్టు అనుమానమొచ్చినా వాంతి చేయించకుండా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి, గొంతులో ఇరుక్కుంటే గంటల్లోనే కాల్చేస్తుంది.

ఖర్చు, సాయం

డిజిటల్ మిషను ఒక చెవికి పదిహేను ఇరవై వేల నుంచి లక్ష దాటి కూడా ఉంటుంది. వినికిడి మిషన్ల మీద జీఎస్టీ లేదు. బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకోండి, వారంటీ దానికే. ధరలో ఎన్నిసార్లు సరిచేస్తారో కాగితం మీద అడగండి.

కొనలేనివారికి వికలాంగులకు ఉపకరణాలిచ్చే కేంద్రప్రభుత్వ ఏడీఐపీ పథకం ఉంది. ఆదాయ పరిమితిని బట్టి, ఆ ఉపకరణాలు తయారుచేసే ప్రభుత్వ సంస్థ అలిమ్‌కో శిబిరాల ద్వారా, జాతీయ సంస్థల ద్వారా మిషన్లు ఇస్తారు. పేద వృద్ధులకు రాష్ట్రీయ వయోశ్రీ యోజన కిందా ఇస్తారు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో వినికిడి, మాట లోపాలను చూసే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. హైదరాబాద్ కోఠిలోనూ, విశాఖలోనూ ప్రభుత్వ ఈఎన్‌టీ ఆస్పత్రులున్నాయి. వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం రెండు చెవుల్లోనూ మాటల స్థాయిల్లో 60 నుంచి 70 డెసిబెల్స్ పోతే వినికిడి లోపం, 70 పోతే బధిరత్వం. ఆ మేరకు ఉంటే వైకల్యాన్ని నిర్ధారించే సదరం శిబిరంలో పరీక్ష చేయించి ధ్రువపత్రం తీసుకోండి. వెళ్లేటప్పుడు ఆధార్, ఆదాయ ధ్రువపత్రం, ఫోటోలు, పాత ఆడియోగ్రామ్ వెంట ఉంచుకోండి. ఏ పథకంలో మిషను వచ్చినా చేతికిచ్చి పంపేస్తే ఊరుకోకుండా, మోల్డు ఎవరు పోస్తారో, మళ్లీ సరిచేయడానికి ఎప్పుడు రావాలో అక్కడే అడిగి తేదీ రాయించుకోండి.